సంపాదకీయం మారింది, జిల్లా పేజీ మారలేదు: గే, లెస్బియన్ మనుషుల గురించి మన పేపర్లు

హిందూపురం_శైలజ (బీటీఎం లేఔట్), శనివారం ఉదయం 10:20

అందరికీ నమస్తే. నేను లెస్బియన్‌ని. ఇక్కడ పాతవాళ్ళకి తెలిసిన సంగతే, కొత్తగా చేరినవాళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా. మన బెంగళూరు తెలుగువాళ్ళలో పత్రికల్లో పనిచేసినవాళ్ళు కొందరున్నారు కాబట్టి ఈ మాట ఇక్కడే అడగాలనిపించింది.

స్వలింగ సంబంధాన్ని నేరమనే 377 సెక్షన్ మీద 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది కదా, అది నేరం కాదని. మర్నాడు మా ఇంటికొచ్చే తెలుగు పేపర్లో మొదటి పేజీ నిండా అదే వార్త. లోపల మంచి సంపాదకీయం. ఈ మనుషులకూ వాళ్ళ కుటుంబాలకూ చరిత్ర క్షమాపణ చెప్పుకోవాలని జస్టిస్ ఇందూ మల్హోత్రా రాసిన మాటని బాక్సు కట్టి వేశారు. ఆ పేపర్ నా దగ్గర ఇప్పటికీ ఉంది.

దాని పక్కనే ఇంకో కత్తిరింపు దాచాను. అదే పేపర్, తర్వాతి సంవత్సరం, జిల్లా పేజీ. ఇద్దరమ్మాయిలు ఇల్లు వదిలి వెళ్ళారు. వార్తలో ఇద్దరి ఊళ్ళు, తండ్రుల పేర్లు, చదివే కాలేజీ, ఒకమ్మాయి పాస్‌పోర్టు సైజు ఫొటో. హెడ్డింగ్ 'వింత ప్రేమ'. చివరి వాక్యం: 'పోలీసులు కౌన్సెలింగ్ ఇచ్చి తల్లిదండ్రులకు అప్పగించారు.' వయసులు 19, 21 అని ఆ వార్తలోనే ఉంది. ఇద్దరూ మేజర్లు. వాళ్ళని 'అప్పగించడం' ఏమిటని ఆ వార్త రాసినవాళ్ళకీ దిద్దినవాళ్ళకీ తట్టలేదు.

మా అమ్మ పేపర్ రాగానే తెరిచేది జిల్లా పేజీ. సంపాదకీయం ఎప్పుడో గాని చదవదు. నాలాంటివాళ్ళ గురించి ఆమెకి తెలిసినదంతా ఆ పేజీ చెప్పిందే. పైన అంత మర్యాదగా రాసిన పత్రిక కింద ఇలా ఎందుకు రాస్తుంది? తెలిసినవాళ్ళు చెప్పండి.


డెస్కు_రాత్రులు (వైట్‌ఫీల్డ్), ఉదయం 11:05

శైలజ గారూ, నేను ఒక తెలుగు దినపత్రిక జిల్లా డెస్కులో సబ్ ఎడిటర్‌గా చేసి ఐటీ వైపు వచ్చాను. లోపల పని ఎలా సాగుతుందో చెప్తాను, అప్పుడు మీ ప్రశ్నకి సగం జవాబు దొరుకుతుంది.

సంపాదకీయం హైదరాబాద్‌లో ఇద్దరు ముగ్గురు రాస్తారు. వాళ్ళు తీర్పులు చదువుతారు, లాయర్లతో మాట్లాడతారు. జిల్లా వార్త పంపేది మండల విలేకరి. అతనికి చాలాచోట్ల జీతం ఉండదు, లైన్ అకౌంట్ మాత్రమే, అంటే అచ్చయిన వార్తని కొలిచి ఇచ్చే డబ్బులు. రోజూ వార్త దొరికే చోటు పోలీస్ స్టేషన్. పూర్వం వెళ్ళి కూర్చునేవాళ్ళు, ఇప్పుడు స్టేషన్ వాట్సాప్ గ్రూపులో ప్రెస్ నోట్ వచ్చేస్తుంది. ఇద్దరమ్మాయిలు వెళ్ళిపోతే అది మిస్సింగ్ కేసుగా నమోదవుతుంది. ఫిర్యాదు తండ్రిది. విలేకరికి స్టేషన్ దగ్గర కనబడేది ఏడుస్తున్న తల్లి. ఆ అమ్మాయిలు లోపల గదిలో ఉంటారు, వాళ్ళ దగ్గరికి ఎవరినీ పోనివ్వరు. అలా ఆ వార్తకి ఒక్కటే సోర్స్.

రాత్రి అది డెస్కుకి వస్తుంది. పేజీ పంపాల్సిన టైము ముంచుకొస్తుంటుంది. సబ్ ఎడిటర్ భాష దిద్దుతాడు, హెడ్డింగ్ పెడతాడు. జనం ఆగి చదవాలి, అదొక్కటే కొలత. పేర్లు వేయాలా, ఫొటో వేయాలా అన్న చర్చ అత్యాచారం కేసుల్లో జరుగుతుంది, ఎందుకంటే అక్కడ చట్టం ఉంది, కేసు పడుతుందన్న భయం ఉంది. ఇక్కడ ఆ భయం లేదు. 2018 తీర్పు తర్వాత 'ఇలాంటి వార్తలు ఇలా రాయండి' అని మా డెస్కుకి ఒక్క ఆదేశం కూడా రాలేదు.


కోడూరు_రెడ్డి (మారతహళ్ళి), మధ్యాహ్నం 12:40

నేను కొంచెం వేరేగా చూస్తున్నాను, ఎవరూ నొచ్చుకోకండి. అమ్మాయీ అబ్బాయీ పారిపోయినా పేపర్ అలాగే రాస్తుంది. ఊరు, తండ్రి పేరు అన్నీ వేస్తుంది. జరిగింది రాశారు. ఇందులో గే, లెస్బియన్ అని ప్రత్యేకంగా అన్యాయం ఏముంది?


హిందూపురం_శైలజ, మధ్యాహ్నం 1:15

రెడ్డి అన్నా, అడిగినందుకు సంతోషం. తేడా ఉంది. అమ్మాయీ అబ్బాయీ వెళ్ళిపోతే రెండో రోజు ఇంకో వార్త వస్తుంది చూడండి: 'రక్షణ కల్పించాలని ఎస్పీని ఆశ్రయించిన ప్రేమజంట.' దండలతో ఫొటో, 'మేం మేజర్లం, ఇష్టపడి పెళ్ళి చేసుకున్నాం' అని వాళ్ళ నోటి మాట. అంటే వాళ్ళు మాట్లాడగా మనం చదివాం. ఇద్దరమ్మాయిలు మాట్లాడిన వార్త జిల్లా పేజీలో నాకు ఇంతవరకు కనబడలేదు.

ఇంకో సంగతి. అబ్బాయిలూ అమ్మాయిలూ పేపర్లో అన్ని పేజీల్లోనూ ఉంటారు. పెళ్ళి ఫొటోల్లో, ర్యాంకుల ప్రకటనల్లో, వ్యవసాయం పేజీలో, శ్రద్ధాంజలిలో. వాళ్ళ గురించి చెడ్డ వార్త ఒకటి వస్తే పక్కన వంద మామూలు వార్తలుంటాయి. మేం కనబడేది కోర్టు వార్తలో, లేదంటే క్రైమ్ వార్తలో. మధ్యలో మా బతుకు ఎక్కడా లేదు.


ప్రసాద్_బసవనగుడి, మధ్యాహ్నం 3:30

నేను 1991లో ఉద్యోగానికి బెంగళూరు వచ్చాను, అప్పటినుంచీ ఇక్కడే. గే మనిషిని. పాత సంగతులు కొన్ని చెప్తాను, శైలజ వయసువాళ్ళు చూసి ఉండరు.

నేను చదువుకునే రోజుల్లో, 1987 చివర్లో, మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా పోలీసులు గుళ్ళో పెళ్ళి చేసుకున్నారు. ఇద్దరినీ ఉద్యోగంలోంచి తీసేశారు. అది దేశమంతా పత్రికల్లో వచ్చింది. అంతకుముందు మన పేపర్లలో ఇద్దరు ఆడవాళ్ళు కలిసి బతకాలనుకున్న వార్త చదివిన గుర్తు నాకు లేదు. పదేళ్ళ ముందే, 1977లో, మన బెంగళూరులోనే పుట్టిన శకుంతలాదేవి గే మనుషులతో మాట్లాడి ఒక పుస్తకం రాసింది, వాళ్ళని నేరస్థులుగా చూడొద్దని వాదించింది. ఆవిడ గురించి పేపర్లో ఎప్పుడు చూసినా లెక్కల విన్యాసాలే. ఆ పుస్తకం ఉందని నాకు నలభై ఏళ్ళొచ్చాక తెలిసింది.

తర్వాత ఎయిడ్స్. 1986లో మద్రాసులో తొలి హెచ్‌ఐవి కేసులు బయటపడ్డాయి. ఆ తర్వాత చాలా ఏళ్ళపాటు మేం పేపర్లో కనబడ్డామంటే ఆరోగ్య శాఖ హెచ్చరికల్లోనే. మనిషిగా కాదు, జబ్బు మోసేవాడిగా. 1994లో ఇక్కడ 'గుడ్ యాజ్ యు' అనే బృందం మొదలైంది. వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవడం, అంతే. అందులో చేరాక నాకు ఊపిరి అందింది. మా చిరునామా పేపర్లో వేయమని అడగడానికి కూడా భయం, ఎందుకంటే కబ్బన్ పార్కులో పోలీసులు పట్టుకుంటే మొదటి బెదిరింపు కేసు గురించి ఉండేది కాదు, 'పేపర్లో వేయిస్తాం' అని ఉండేది. డబ్బులు గుంజడానికి ఆ ఒక్క మాట చాలు. పేపర్ని అలా వాడుకుంటున్నారని పేపర్ వాళ్ళకి తెలుసో లేదో. 2001లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంస్థ కర్ణాటక శాఖ ఇలాంటి వేధింపుల మీద నివేదిక తెచ్చింది.

అదే ఏడాది జులైలో లక్నోలో హెచ్‌ఐవి నివారణ పనిచేసే నలుగురు కార్యకర్తలని అరెస్టు చేశారు. కండోములు పంచే ఆఫీసుని 'గే క్లబ్' అనీ, రాకెట్ అనీ రాశారు. వాళ్ళు 47 రోజులు జైల్లో ఉన్నారు. ఇక్కడ మా ఆఫీసు క్యాంటీన్‌లో ఆ వార్త పైకి చదువుతుంటే నేను అక్కడే కూర్చుని ఉన్నాను.

2008 జూన్ 29న బెంగళూరులో మొదటి ప్రైడ్ నడక, అంటే మేం బయటికొచ్చి వీధుల్లో నడవడం. ఢిల్లీ, కోల్‌కతాలో కూడా అదే రోజు నడిచారు. కొందరం ముఖానికి మాస్కు వేసుకున్నాం, కెమెరాలకి భయపడే. మర్నాటి ఫొటోల్లో రంగులూ మాస్కులే. ఏం అడుగుతున్నామో రెండు మూడు వాక్యాల్లో తేల్చేశారు. మరుసటి ఏడాది 2009 జులై 2న మా సంబంధాలు నేరం కాదని ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చాక స్వరం మారింది, అది ఒప్పుకోవాలి. ఆరోజునుంచి మేం హక్కుల వార్త అయ్యాం. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు చాలా పత్రికలు మా పక్షాన రాశాయి.


సుగుణ_విజయనగర, సాయంత్రం 4:50

నా కొడుకు గే. బెంగళూరులోనే ఉంటాడు, వాడి స్నేహితుడితో కలిసి. నాకు తీర్పుల గురించి ఎక్కువ తెలియదు, ఆదివారం అనుబంధాల గురించి తెలుసు.

అందులో డాక్టరు గారి సందేహాలు-సమాధానాలు అని వచ్చేవి గుర్తుందా? 'నా వయసు 23. నాకు అమ్మాయిల మీద ఆసక్తి లేదు. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. ఏం చేయాలి?' కింద పొడి అక్షరం, ఊరి పేరు. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే: ఇది తాత్కాలికం, పెళ్ళయితే సర్దుకుంటుంది, కావాలంటే మంచి సైకియాట్రిస్టుని కలవండి. నా కొడుకు సంగతి తెలిశాక మా ఆడపడుచు అలాంటిదే ఒకటి కత్తిరించి తెచ్చి నా చేతిలో పెట్టింది. 'డాక్టరే రాశాడు చూడు వదినా' అంది. నేను ఒప్పుకోలేదు, వాడికి పెళ్ళి చేయలేదు. కానీ ఆ కాగితం మాటకి మా ఇంట్లో ఎంత బలం ఉండేదో చెప్పలేను. మా ఆయన దాన్ని ఏళ్ళ తరబడి బీరువాలో ఉంచారు.

ఒకటి మాత్రం అనిపిస్తుంది. తెలుగు పేపర్లో మా పిల్లలు తమ గురించి తాము చెప్పుకున్నది ఆ ఉత్తరాల్లోనే. ఎంత భయపడుతూ రాసేవారో పాపం. ఆ మాట విని పెళ్ళికొడుకులైనవాళ్ళు, వాళ్ళని కట్టుకున్న ఆడపిల్లలు ఎందరో. ఆ జవాబులు రాసినవాళ్ళని ఎవరూ అడగలేదు.


మైలాపూర్_లాయర్, సాయంత్రం 6:10

సుగుణమ్మ గారు చెప్పినది చదివాక రాయకుండా ఉండలేకపోయాను. స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితా నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990 మే 17న తీసేసింది. అంటే ఆ జవాబులు అచ్చయ్యేనాటికే అవి వైద్యం కాదు. ఇప్పుడైతే, 'మార్చేస్తాం' అని చికిత్స చేయడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని నేషనల్ మెడికల్ కమిషన్ 2022లో రాష్ట్ర వైద్య మండళ్ళకి రాసింది. దానికి మూలం మా మద్రాసు హైకోర్టు.

ఆ కేసు వివరం చెప్తాను, ఎందుకంటే అది అచ్చం శైలజ గారి కత్తిరింపే. మదురై నుంచి ఇద్దరమ్మాయిలు చెన్నై వచ్చారు. ఇళ్ళవాళ్ళు మిస్సింగ్ ఫిర్యాదు ఇచ్చారు, పోలీసులు వెతుక్కుంటూ వచ్చారు. ఆ అమ్మాయిలు కోర్టుకి వెళ్ళారు. జస్టిస్ ఎన్. ఆనంద్ వెంకటేశ్ ఈ విషయం తనకే సరిగా అర్థం కావాలని ఒక సైకాలజిస్టు దగ్గర కూర్చుని నేర్చుకున్నారు, ఆ సంగతి తీర్పులోనే రాశారు. 2021 జూన్ 7 నాటి ఉత్తర్వు అది. తర్వాత పత్రికల భాష మీద కూడా కోర్టు దృష్టి పెట్టింది. ఈ సమూహాన్ని ఏ మాటలతో పిలవాలో ఒక పట్టిక తయారుచేయించింది, దాన్ని 2022 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం గెజిట్‌లో వేసింది. ఇక్కడ తమిళనాడులో మనం ఒక విలేకరికి ఫోన్ చేసి 'ఇలా రాయకండి' అంటే చేతిలో ఆ కాగితం ఉంటుంది. అందరూ పాటిస్తున్నారని చెప్పను. కానీ అడగడానికి ఆధారం ఉంది.

'కౌన్సెలింగ్ ఇచ్చి అప్పగించారు' అన్న వాక్యం గురించి: 2024 మార్చి 11న సుప్రీంకోర్టు ఒక కేరళ కేసులో కోర్టులకి మార్గదర్శకాలిచ్చింది. ఇలాంటి కేసుల్లో మనిషి ఇష్టాన్ని మార్చే ఉద్దేశంతో కౌన్సెలింగ్ చేయించకూడదని అందులో ఉంది. 2025 మేలో వెల్లూరు జిల్లా అమ్మాయి కేసులో మద్రాసు హైకోర్టు ఇంకొంచెం ముందుకెళ్ళింది. ఇంట్లో బలవంతంగా ఉంచిన ఆ అమ్మాయి తన స్నేహితురాలితో వెళ్ళొచ్చని చెప్పింది, కుటుంబం ఏర్పడటానికి పెళ్ళి ఒక్కటే దారి కాదని రాసింది. ఇవన్నీ జిల్లా విలేకరికి ఎవరు చెప్తారు? ఎస్సై ప్రెస్ నోట్‌లో ఇవి ఉండవు.


సాయి_ఎలక్ట్రానిక్‌సిటీ, రాత్రి 8:00

నా వయసువాళ్ళు పేపర్ చదవరు గాని, దాని వల్ల నష్టం ఎక్కువయింది, తగ్గలేదు. జిల్లా పేజీ పూర్వం మర్నాటికి పొట్లాం కాగితం అయిపోయేది. ఇప్పుడు అదే వార్త వెబ్‌సైట్లో ఉంటుంది, యూట్యూబ్ చానళ్ళు దాన్ని తీసుకుని ఎర్ర బాణాలతో థంబ్‌నెయిల్ పెడతాయి. అమ్మాయి పేరు గూగుల్ చేస్తే ఐదేళ్ళ తర్వాత కూడా అదే ముందొస్తుంది. ఉద్యోగంలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ అంటే నా ఫ్రెండ్‌కి ఇప్పటికీ టెన్షన్.

2011 ఫిబ్రవరిలో హైదరాబాద్‌లో ఒక తెలుగు వార్తా చానల్ డేటింగ్ సైట్లోంచి ఫొటోలు తీసి, ఫోన్లో మాటలు రికార్డు చేసి ప్రసారం చేసింది. ఆ ఫొటోల్లో మనుషులు గుర్తుపట్టేలా ఉన్నారు. వార్తా చానళ్ళ ప్రమాణాల సంస్థ లక్ష రూపాయల జరిమానా వేసి, క్షమాపణ ప్రసారం చేయమంది. ఫిర్యాదు చేసినవాళ్ళు ఉన్నారు కాబట్టే అది జరిగింది. పేపర్ల మీద అలా ఎవరైనా ఫిర్యాదు చేశారా?


డెస్కు_రాత్రులు, రాత్రి 8:40

పేపర్లకి ప్రెస్ కౌన్సిల్ ఉంది. జరిమానా వేసే అధికారం లేదు, తప్పు పట్టి మందలించగలదు. ముందు ఎడిటర్‌కి ఉత్తరం రాయాలి, జవాబు రాకపోతే లేదా తృప్తిగా లేకపోతే కౌన్సిల్‌కి వెళ్ళాలి. దినపత్రిక అయితే వార్త వచ్చిన రెండు నెలల్లోపు. మందలింపే కదా అని తీసిపారేయకండి, పత్రికల యాజమాన్యాలు దాన్ని పట్టించుకుంటాయి.

శైలజ గారు చెప్పని ఒక కోణం కూడా ఉంది. 2021 డిసెంబరులో హైదరాబాద్‌కి చెందిన ఒక గే జంట ఒక రిసార్టులో పెళ్ళి వేడుక చేసుకున్నారు. తర్వాత పెళ్ళి హక్కు కోసం సుప్రీంకోర్టుకి వెళ్ళినవాళ్ళలో వాళ్ళూ ఉన్నారు, 2023 అక్టోబరు 17 తీర్పు వాళ్ళ పేరు మీదే ఉంది. అప్పుడు తెలుగు పేపర్లు రంగుల ఫొటోలు వేశాయి, వాళ్ళ ఇంటర్వ్యూలు వేశాయి, 'గారు' అని కూడా రాశాయి. చక్కటి పని. మరి అదే గౌరవం డిగ్రీ చదివే పల్లెటూరి అమ్మాయికి ఎందుకు లేదు? ఇంగ్లీషు వచ్చి, పీఆర్ తెలిసి, హైదరాబాద్‌లో ఉంటే 'జంట'. మండల కేంద్రంలో ఉంటే 'వింత ప్రేమ'. కూలి పనికెళ్ళే ఇంటి పిల్లయితే కులం పేరు కూడా పడుతుంది. డెస్కులో పదేళ్ళు చూశాక నాకు అనిపించేది ఇదే, అసలు గీత ఇక్కడ ఉంది.


కోడూరు_రెడ్డి, రాత్రి 9:25

చదువుతున్నాను. నాకు తెలిసిన పేజీ స్పోర్ట్స్. ద్యుతీ చంద్ 2019 మేలో తనకి ఒకమ్మాయితో బంధం ఉందని చెప్పింది. హైదరాబాద్‌లో శిక్షణ తీసుకున్న మనిషి కాబట్టి మన పేపర్లు బాగానే రాశాయి. అప్పుడు నెలంతా ఇంటి గొడవ, అక్క ఆరోపణలు, ఊరివాళ్ళ మాటలు. జులైలో నేపుల్స్‌లో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయాల క్రీడల్లో 100 మీటర్లు 11.32 సెకన్లలో పరుగెత్తి స్వర్ణం గెలిచింది. నేను చదివిన ఆ వార్త నిండా పరుగే ఉంది, ఆమె బంధం గురించి ఒకే ఒక వాక్యం. చదివి పక్కన పెట్టాను, ఏమీ వింతగా అనిపించలేదు. శైలజ చెప్పే 'మిగతా పేజీలు' అంటే ఇదేనేమో. అలా రాస్తే నాలాంటివాడికి కూడా ఇబ్బంది ఉండదు.

ఊరు పేరు వేయొద్దన్నది మాత్రం నాకింకా పూర్తిగా సమ్మతం కాదు. పిల్ల కనబడకపోతే ఆచూకీ తెలియాలి కదా.


మైలాపూర్_లాయర్, రాత్రి 9:50

రెడ్డి గారూ, ఆచూకీ దొరకనప్పుడు ఫొటో వేయడం వేరు. ఈ వార్త వాళ్ళు దొరికిన తర్వాత రాసింది. దొరికాక పేరు ఎందుకు?

ఇంకో రకం వార్త గురించి ఎవరూ రాయలేదు, నేను క్లుప్తంగా రాస్తాను. ఇద్దరు స్నేహితురాళ్ళు కలిసి ప్రాణాలు తీసుకున్న వార్తలు. కేరళలో 'సహయాత్రిక' అనే సంస్థ పుట్టిందే వరసగా వచ్చిన అలాంటి మరణాల వల్ల. మన పేపర్లలో అవి 'కారణాలు తెలియరాలేదు' అని ముగుస్తాయి, లేదంటే ఎలా చనిపోయారో పూసగుచ్చినట్టు ఉంటుంది. ఆత్మహత్య వార్తల మీద ప్రెస్ కౌన్సిల్ 2019లో మార్గదర్శకాలిచ్చింది: పద్ధతి వర్ణించకూడదు, సంచలనం చేయకూడదు, సహాయం దొరికే చోటు చెప్పాలి. ఉత్తరం రాస్తే ఇది కూడా చేర్చండి. మానసిక ఆరోగ్య సహాయం కోసం కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులో కూడా మాట్లాడతారు. ఆ నంబరు వార్త కింద వేయడానికి ఒక్క లైను చాలు.


హిందూపురం_శైలజ, ఆదివారం ఉదయం 9:00

రాత్రి కూర్చుని ఉత్తరం రాశాను. చూసి చెప్పండి.

'సంపాదకులకు నమస్కారం. మీ జిల్లా పేజీలో ఇద్దరు యువతుల గురించి వచ్చిన వార్త చదివాం. వాళ్ళు ఏ నేరమూ చేయలేదు. అయినా వాళ్ళ పేర్లు, ఫొటో, కాలేజీ వేశారు. వార్తలో తల్లిదండ్రుల మాట ఉంది, పోలీసుల మాట ఉంది, వాళ్ళ మాట లేదు. ఇద్దరూ మేజర్లు. వాళ్ళని ఎవరికీ అప్పగించే అధికారం పోలీసులకి లేదని మీ వార్త చెప్పాల్సింది. ఇకమీదట ఇలాంటి వార్తల్లో వాళ్ళ అనుమతి లేకుండా గుర్తింపు వివరాలు వేయవద్దని, వెబ్‌సైట్లో ఉన్నవాటిని తొలగించమని కోరుతున్నాం. మీ విలేకరులకి ఈ విషయం మీద ఒక పూట శిక్షణ పెడితే మాట్లాడటానికి మేం వస్తాం. ఖర్చులు మేమే పెట్టుకుంటాం.'

నా పాత కత్తిరింపుకి ప్రెస్ కౌన్సిల్ గడువు ఎప్పుడో దాటిపోయింది. కానీ పోయిన నెల అనంతపురం ఎడిషన్‌లో ఇలాంటిదే ఇంకొకటి వచ్చింది. ఉత్తరం దాని మీదే పంపుతున్నా.


డెస్కు_రాత్రులు, ఉదయం 9:40

ఎడిటర్‌కి స్పీడ్ పోస్టులో పంపండి, ఉత్తరం నకలు, అందినట్టు రుజువు దాచండి, కౌన్సిల్‌కి వెళ్ళాల్సివస్తే పనికొస్తాయి. ఒక కాపీ ఎడిషన్ ఇన్‌చార్జికి కూడా ఇవ్వండి, హెడ్డింగులు మారాలంటే ఆయన చదవాలి. ఫోన్ చేసేటట్టయితే మధ్యాహ్నం మూడులోపు. శిక్షణ సంగతి ఒప్పుకుంటే నేనూ వస్తాను, విలేకరులతో వాళ్ళ భాషలో మాట్లాడటం నాకు తెలుసు.


ప్రసాద్_బసవనగుడి, ఉదయం 10:15

నాగరభావిలో నేషనల్ లా స్కూల్లో 'కమ్రా' అనే క్వీర్ ఆర్కైవ్ ఉంది, మనలాంటివాళ్ళ చరిత్ర కాగితాలు దాచే చోటు. శైలజా, నీ కత్తిరింపుల నకళ్ళు వాళ్ళకి ఇవ్వు. ఇచ్చేముందు ఆ పిల్లల పేర్లు, ఫొటోలు చెరిపెయ్యి. ప్రతిదాని మీదా పత్రిక పేరు, ఎడిషన్, తేదీ, పేజీ నంబరు రాసిపెట్టు. నా దగ్గర 1990ల కాగితాలు ఒక అట్టపెట్టెడు ఉన్నాయి, అవీ కలిపేద్దాం.


సుగుణ_విజయనగర, ఉదయం 10:50

ఉత్తరం బాగుందమ్మా. 'ఇద్దరూ మేజర్లు' అన్న వాక్యం మధ్యలో పడిపోయింది, దాన్ని మొదటికి తీసుకురా. ఆదివారం అనుబంధం డాక్టర్ల గురించి కూడా రెండు మాటలు చేర్చు, లేకపోతే నేను విడిగా రాస్తాను. కింద నా పేరు పెట్టు, ఫలానా అబ్బాయి తల్లి అని కూడా పెట్టు. వాణ్ణి అడిగాను, పెట్టమన్నాడు.